పావు మిల్లీలీటరులో రెండు కోట్లు

ఈ ఉదయం స్ట్రా అనే సన్నని గొట్టంలోకి చేరబోయే వీర్యకణం తయారీ రెండు నెలల కిందటే మొదలైంది. ఆంబోతు వృషణంలో వెంట్రుక మందపు గొట్టాలు నూలు కండెలా చుట్టుకుని ఉంటాయి. విప్పి పరిస్తే కిలోమీటర్ల పొడవుంటాయి. ఆ గొట్టం గోడను ఆనుకుని కూర్చున్న మూలకణం ఒకటి రెండై, రెండు నాలుగై, తన క్రోమోజోములను సగానికి తగ్గించుకుని, గుండ్రని కణంగా మారుతుంది. తరువాత తల బిగించుకుని, తోక పెంచుకుని గొట్టం నడిమికి జారుతుంది. ఇంతటికీ ఆంబోతులో 61 రోజులు పడుతుంది. దున్నపోతు ఇదే పనిని సుమారు 38 రోజుల్లో ముగిస్తుంది. జారిన కణానికి ఇంకా ఈత రాదు. వృషణాన్ని అంటిపెట్టుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే గొట్టంలోకి అది వెళ్లాలి. చుట్టలు విప్పితే ముప్పై మీటర్లు దాటే ఆ ఒక్క గొట్టంలో వారం పది రోజులు నెమ్మదిగా కదులుతూ కణం ఈదే బలాన్ని, అండాన్ని గుర్తుపట్టే శక్తిని తెచ్చుకుంటుంది. ఎదిగిన హోల్‌స్టీన్ ఆంబోతు రోజుకు దాదాపు 600 కోట్ల కణాలను ఇలా తయారు చేస్తుంది.

ఆ 600 కోట్లలో ఒక్కదాన్ని కూడా మనిషి చేయలేడు. నంద్యాల, విశాఖపట్నం, కరీంనగర్‌లలోని ఘనీకృత వీర్య కేంద్రాల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగే పనంతా కాపుదల పని. పశువు చేసిచ్చినదాన్ని ఎక్కడో పల్లెలో ఎదకొచ్చిన గేదె గర్భాశయం దాకా బతికించి చేర్చాలి. దారిలో ప్రతి మెట్టు దగ్గరా కొన్ని కణాలు చచ్చిపోతాయి. వాటిలో ఎన్నింటిని దక్కించుకున్నారన్న దాన్ని బట్టే ఇక్కడి వాళ్ల పనితనాన్ని కొలవాలి.

కాపుదల కొట్టంలోనే మొదలవుతుంది. వృషణాలు ఒంటి బయట వేలాడటానికి కారణం వేడి. పశువు ఒళ్లు 38.5 డిగ్రీలు ఉంటే, వృషణాలకు అంతకన్నా నాలుగైదు డిగ్రీల చల్లదనం కావాలి. ఆ చల్లదనాన్ని తెచ్చే ఏర్పాటు ముచ్చటైనది. వృషణానికి దిగే వేడి రక్తపు ధమని చుట్టూ, పైకి తిరిగి వెళ్లే చల్లని రక్తపు సిరలు తీగల్లా అల్లుకుని ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి అప్పగించి లోపలికి పోతుంది. ఎండలో సంచి కిందికి సాగుతుంది, చలిలో ముడుచుకుని పైకి వస్తుంది. సంచి చర్మానికి చెమట కూడా పడుతుంది. అయినా రాయలసీమ, ఉత్తర తెలంగాణ మే నెల ఎండల ముందు ఈ ఏర్పాటు చాలదు. అందుకే కొట్టాలకు ఎత్తైన కప్పులు, ఫ్యాన్లు, నీటి తుంపరలు పెడతారు. నల్లటి తోలు, తక్కువ చెమట గ్రంథులు ఉన్న ముర్రా దున్నలకు రోజుకు రెండు మూడు సార్లు స్నానం చేయిస్తారు. వడగాలి దెబ్బ ఆ రోజు వీర్యంలో కనిపించదు. అప్పటికే తయారై ఎపిడిడిమిస్‌లో ఉన్న కణాలు బాగానే ఉంటాయి. సగం తయారీలో ఉన్నవి పాడవుతాయి. అందుకే మే నెలలో తగిలిన దెబ్బ జూన్‌లో మొదలై జులై చివరి దాకా మైక్రోస్కోపు కింద బయటపడుతూ ఉంటుంది. గట్టి జ్వరం వచ్చి తగ్గిన మగవాడిని మూడు నెలలు ఆగి వీర్యపరీక్ష మళ్లీ చేయించుకోమని డాక్టర్లు చెప్పడానికి కారణం కూడా ఇదే.

కొట్టంలోకి అడుగు పెట్టడమే పశువుకు పెద్ద పరీక్ష. ముందు తల్లి పాల లెక్క చూస్తారు. జాతికి నిర్ణయించిన పాల దిగుబడి తల్లికి లేకపోతే కొడుకు ఎంత అందగాడైనా పనికిరాడు. తరువాత క్రోమోజోములు లెక్కపెడతారు. ఆవు జాతికి 60, ముర్రాకు 50 ఉండాలి. కొత్తగా వచ్చిన కోడెను కనీసం 60 రోజులు విడి కొట్టంలో ఉంచి క్షయ, జాన్స్ వ్యాధి, బ్రూసెల్లోసిస్, క్యాంపైలోబ్యాక్టీరియోసిస్, ట్రైకోమోనియాసిస్ పరీక్షలు చేస్తారు. ఒక్క జబ్బు పశువు గుట్టుగా లోపలికి వచ్చిందంటే దాని జబ్బు వేల పల్లెలకు స్ట్రాలలో ప్రయాణం చేస్తుంది. ఈ భయం కేంద్రంలో పనిచేసే ప్రతివాడి ఒంట్లోనూ ఉంటుంది. గేటు దగ్గర కాళ్లు మందునీళ్లలో ముంచి రావాలి. బయటి చెప్పులతో లోపలికి రానివ్వరు. గాలికుంటుకు, గొంతువాపుకు, జబ్బవాపుకు టీకాలు తేదీ తప్పకుండా వేయిస్తారు. దేశంలోని కేంద్రాలన్నింటినీ రెండేళ్లకోసారి కేంద్ర బృందం తనిఖీ చేసి ఏ, బీ గ్రేడులు ఇస్తుంది. ఆ గ్రేడు కోసం వీళ్లు పడే శ్రమలో ఎక్కువ భాగం ఈ శుభ్రత మీదే పోతుంది.

తిండి మితంగా ఉంటుంది. మూడు నాలుగు కిలోల దాణా, ఇరవై పాతిక కిలోల పచ్చగడ్డి, కొంత ఎండుమేత, 50 గ్రాముల ఖనిజ లవణాల మిశ్రమం. కొవ్వు పట్టిన ఆంబోతు బద్ధకిస్తుంది, కీళ్లు నొప్పి పుట్టి దూకనంటుంది. అందుకే గుండ్రంగా తిరిగే ఇనుప చట్రానికి కట్టి రోజూ నడిపిస్తారు. గిట్టలు చెక్కుతారు. వెనక కాళ్లు బాగుంటేనే ఈ ఉద్యోగం నిలుస్తుంది.

వీర్య సేకరణ వారానికి రెండు రోజులు, తెల్లవారుజామున చల్లపూట జరుగుతుంది. ముందు పశువును కడిగి ఆరబెడతారు. మూత్రపు తొడుగు చివరి వెంట్రుకలను రెండు సెంటీమీటర్ల దాకా కత్తిరిస్తారు. మరీ నున్నగా కత్తిరిస్తే కొసలు గుచ్చుకుని పశువు ఇబ్బంది పడుతుంది, వదిలేస్తే మురికి పడుతుంది. తొడుగు లోపల సెలైన్‌తో కడిగి తుడుస్తారు. ఈ అయిదు నిమిషాల కడుగుడును తొందరగా కానిస్తే ఆ మురికి ఎనిమిది గంటల తరువాత గడ్డకట్టి స్ట్రాలో ఉంటుంది. చలికి సూక్ష్మజీవులన్నీ చావవు.

అదే సమయంలో ల్యాబు పక్క గదిలో కృత్రిమ యోనులు సిద్ధమవుతాయి. కేంద్రంలో అందరూ దాన్ని ఏ.వి. అనే అంటారు. బయట గట్టి రబ్బరు గొట్టం, లోపల మెత్తని లేటెక్స్ పొర. రెండింటి నడుమ వేడినీళ్లు పోస్తారు, కవాటం గుండా గాలి ఊది బిగువు తెస్తారు. కొసన రబ్బరు గరాటు, గరాటు చివర కొలతగీతల గాజుగొట్టం, గాజుకు చలి తగలకుండా పైన తొడుగు. లోపలి పొర దగ్గర ఉష్ణోగ్రత 42 నుంచి 45 డిగ్రీలు ఉండాలి. తక్కువైతే ఆంబోతు దూకినా స్ఖలించదు. ఎక్కువైతే ఒకసారి కాలిన పశువు మళ్లీ కొన్ని వారాలు ఏ.వి. దగ్గరికి రాదు. థర్మామీటరు ముంచి చూడకుండా ఏ ఏ.వి.ని బయటికి పంపరు. ఒక్కో స్ఖలనానికి ఒక్కో ఏ.వి. వాడాలి. ఉదయం పది పశువుల వంతు అయితే ఇరవై సిద్ధంగా ఉండాలి.

ఇక సేకరణ. ట్రావిస్‌లో, అంటే ఇనుప గొట్టాల బోనులో, మరో మగపశువును డమ్మీగా నిలబెడతారు. పని చేయాల్సిన ఆంబోతును ముక్కు రింగుకు కర్రా తాడూ తగిలించి ఇద్దరు నడిపించుకొస్తారు. మొదటిసారి దూకినప్పుడు ఊరికే దించేస్తారు. ఒకటి రెండు నిమిషాలు ఆపి, కళ్ల ముందు డమ్మీని చూపిస్తూ నిలబెట్టి, మళ్లీ దూకించి మళ్లీ దించుతారు. ఆశపెట్టి ఆపే ఈ పని చూడటానికి కఠినంగా ఉంటుంది గానీ, వీర్యం పరిమాణం, కణాల సంఖ్య రెండూ దీంతోనే పెరుగుతాయి. మూడోసారి దూకేటప్పుడు సేకరించేవాడు కుడివైపు నుంచి ఒక్క అడుగు ముందుకు వేస్తాడు. ఎడమచేత్తో తొడుగును పట్టి పక్కకు మళ్లిస్తాడు. నేరుగా అంగాన్ని తాకడు, తాకితే పశువు దిగిపోతుంది. కుడిచేతిలోని ఏ.వి.ని డమ్మీ తుంటికి సమాంతరంగా, నలభై అయిదు డిగ్రీల వాలులో పట్టుకుంటాడు. ఏడెనిమిది వందల కిలోల పశువు ఒక్క ఊపు ఊపుతుంది. స్ఖలనం అయిపోతుంది. అంతా ఒకటి రెండు సెకన్లు. ఆ ఊపుకు చేయి వెనక్కి పోకూడదు, ముందుకు తోయకూడదు, పశువుతో పాటు కదలాలి. కాలు పొరపాటున గిట్ట కింద పడకూడదు. అతని చూపు పశువు వీపు మీద ఉంటుంది. వీపు వంగే తీరును బట్టి ఊపు ఎప్పుడొస్తుందో అతనికి ముందే తెలుస్తుంది. ఈ పని పుస్తకంలో నేర్పలేరు. పాతిక ముప్పై నిమిషాల విరామం తరువాత అదే పశువు దగ్గర రెండోసారి తీసుకుంటారు.

గాజుగొట్టం గోడలోని చిన్న కిటికీ గుండా ల్యాబులోకి చేరుతుంది. కిటికీకి రెండు తలుపులు. ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది. గొట్టాన్ని 34 డిగ్రీల నీటితొట్టిలో నిలబెడతారు. ఆంబోతు దగ్గర ఒక విడతకు నాలుగు నుంచి ఎనిమిది మిల్లీలీటర్లు వస్తుంది, దున్న దగ్గర రెండు నుంచి నాలుగు. రంగు మీగడలా ఉండాలి. పసుపు మూత్రాన్ని, గులాబి రంగు రక్తాన్ని, గోధుమ రంగు మురికిని సూచిస్తాయి. అలాంటివి అక్కడికక్కడే పారబోస్తారు. ఒక చుక్కను వేడి పలక మీద పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తే మంచి వీర్యంలో కణాలు విడివిడిగా కనిపించవు, నల్లని సుడులు తిరుగుతూ అలలు లేస్తాయి. మరో చుక్కను పలుచన చేసి చూస్తారు. నూటికి 70 కణాలు తిన్నగా ముందుకు ఈదుతుండాలి. వలయాలు తిరిగేవి, ఉన్నచోటే కొట్టుకునేవి లెక్కలోకి రావు. 70 లేకపోతే ఆ విడత రద్దు.

కణాల సంఖ్యను ఫోటోమీటరు చెబుతుంది. వీర్యం ఎంత చిక్కగా ఉంటే దాని గుండా వెలుతురు అంత తక్కువ పోతుందన్నది దాని సూత్రం. మంచి ఆంబోతు వీర్యంలో మిల్లీలీటరుకు 120 కోట్ల కణాలుంటాయి. మనిషి విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి మార్గదర్శకాలు చెప్పిన కనీస ప్రమాణం మిల్లీలీటరుకు 1.6 కోట్లు. లెక్క ఇక్కడే వేస్తారు. ఆరు మిల్లీలీటర్లు వచ్చింది, మిల్లీలీటరుకు 120 కోట్లు, మొత్తం 720 కోట్లు. ఒక స్ట్రాకు పెట్టాల్సింది 2 కోట్లు. అంటే 360 స్ట్రాలు. స్ట్రా పట్టేది పావు మిల్లీలీటరు కాబట్టి మొత్తం 90 మిల్లీలీటర్లు కావాలి. ఆరుకు ఎనభై నాలుగు కలపాలి. సహజంగా దూకితే ఒక్క ఆవుతో ముగిసిపోయే వీర్యం ఇలా 360 ఆవుల వాటాలవుతుంది. దున్నకు మూడు మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 100 కోట్లు అనుకుంటే 150 స్ట్రాలు వస్తాయి. ముర్రా స్ట్రాకు ఎప్పుడూ కొరత ఉండటానికి ఈ తేడా ఒక కారణం.

కలిపే ద్రవం పేరు డైల్యూటర్. దాని తయారీ వంటింటి పనిలా మొదలవుతుంది. రెండు రోజులకు మించని తాజా కోడిగుడ్లు తెచ్చి, కడిగి, స్పిరిట్‌తో తుడిచి పగలగొడతారు. తెల్లసొనను వంపేసి, పచ్చసొన ముద్దను వడపోత కాగితం మీద నెమ్మదిగా దొర్లిస్తారు. అంటుకున్న తెల్లసొన కాగితానికి పోతుంది. అప్పుడు పొరను సూదితో పొడిచి లోపలి పచ్చసొనను మాత్రం కొలపాత్రలోకి జారుస్తారు, పొర కాగితం మీదే మిగులుతుంది. వంద మిల్లీలీటర్ల డైల్యూటర్‌లో 20 పచ్చసొన, 7 దాకా గ్లిసరాల్, మిగిలింది ట్రిస్ అనే క్షారం, సిట్రిక్ ఆమ్లం, ఫ్రక్టోజ్ చక్కెర కరిగించిన శుద్ధజలం. పైన యాంటీబయోటిక్స్. ట్రిస్ ఆమ్లగుణం పెరగకుండా ఆపుతుంది. ఫ్రక్టోజ్ కణానికి తిండి. పచ్చసొనలోని కొవ్వు ప్రొటీన్లు కణం పైపొరను అంటుకుని, చలికి పొర చిట్లకుండా కాపాడతాయి. వీర్యమూ డైల్యూటరూ రెండూ 34 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే కలపాలి. డైల్యూటర్‌ను గాజుగోడ వెంట వీర్యంలోకి జారవిడుస్తారు, పై నుంచి గుమ్మరించరు. తీసిన పావుగంటలోపు ఈ మొదటి కలుపు అయిపోవాలి.

గ్లిసరాల్ సంగతి విడిగా చెప్పుకోవాలి. దాని విలువ తెలియక ముందు వీర్యాన్ని రెండు మూడు రోజులు చల్లగా ఉంచడం తప్ప నిలవ చేసే దారి లేదు. 1949లో ఇంగ్లాండులో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ కోడిపుంజు వీర్యాన్ని గడ్డకట్టిస్తూ చక్కెర ద్రావణం అనుకుని ఒక సీసా వాడారు. కరిగించి చూస్తే కణాలు ఈదుతున్నాయి. సీసా మీద చీటీ తారుమారైందని, లోపల ఉన్నది గ్లిసరాల్ కలిపిన ద్రావణమని తరువాత తేలింది. ఇవాళ ప్రపంచంలో దాదాపు ఏ పశువు స్ట్రాలో అయినా ఆ సీసాలోని పదార్థమే ఉంది.

నింపే యంత్రం చల్లని గదిలోనో చల్లని పెట్టెలోనో ఉంటుంది. స్ట్రా పొడవు 133 మిల్లీమీటర్లు, మందం దాదాపు అగ్గిపుల్లంత. ఒక కొసన ఫ్యాక్టరీలోనే రెండు దూది బిరడాల నడుమ పొడి నింపి పంపుతారు. యంత్రం రెండో కొస నుంచి వీర్యాన్ని పీలుస్తుంది. తడి తగలగానే పొడి జిగురై కొస మూసుకుంటుంది. తెరిచి ఉన్న కొసను అల్ట్రాసోనిక్ తాకిడితో అతికిస్తుంది. మధ్యలో చిన్న గాలిబుడగ వదలాలి. నీరు గడ్డకట్టినప్పుడు సాగుతుంది, బుడగ లేకపోతే స్ట్రా పగులుతుంది. ప్రతి స్ట్రా మీదా కేంద్రం గుర్తు, జాతి, ఆంబోతు నంబరు, తేదీ అచ్చవుతాయి. జాతికో రంగు స్ట్రా. అచ్చు చదవలేని మసక వెలుతురు పాకలో కూడా రంగును బట్టి జాతి తెలుస్తుంది.

నిండిన స్ట్రాలను పళ్లాల మీద ఒకే వరుసలో పరిచి 4 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు వదిలేస్తారు. చూసేవారికి ఏమీ జరగనట్టు ఉంటుంది. లోపల గ్లిసరాల్ మెల్లగా కణంలోకి ఇంకుతూ, కొంత నీటిని బయటికి పంపుతూ ఉంటుంది. పని ఒత్తిడిలో కోత పెట్టాలనిపించే మెట్టు ఇదే. ఇక్కడ ఎగ్గొట్టిన గంట తరువాత కరిగింపు పరీక్షలో బయటపడుతుంది.

నాలుగు గంటలు నిండాక పళ్లాలు బయోఫ్రీజర్‌లోకి వెళతాయి. ఇది ద్రవ నత్రజని ఆవిరిని లోపల తిప్పుతూ, కంప్యూటరు చెప్పిన వేగంతో చల్లబరిచే పెట్టె. గడ్డకట్టడంలో రెండు చావులున్నాయి. మరీ మెల్లగా చల్లబరిస్తే బయటి నీరు ముందు మంచవుతుంది, మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడుతుంది, కణం నీరంతా పోయి వాడిపోతుంది. మరీ వేగంగా చల్లబరిస్తే కణం లోపలి నీరు బయటికి పోయే వ్యవధి లేక అక్కడే మంచు సూదులై పొరను చీలుస్తుంది. ఈ రెండింటి నడుమ సన్నని దారి ఉంది. 4 డిగ్రీల నుంచి మైనస్ 10 దాటేదాకా నిమిషానికి నాలుగైదు డిగ్రీలు, అక్కడి నుంచి మైనస్ 140 దాకా నిమిషానికి నలభై యాభై డిగ్రీలు. మొత్తం ఆరేడు నిమిషాలు. తెర మీద గీత దిగుతూ ఉంటుంది, సాంకేతికుడు కన్ను తిప్పడు. మైనస్ 140 చేరగానే పళ్లాలు తీసి, గ్లవుజుల చేతులతో స్ట్రాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ముంచుతారు. అక్కడ రసాయన చర్యలు దాదాపు నిలిచిపోతాయి. ఇక ఆ కణానికి నెలలూ ఏళ్లూ ఒకటే.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా చాలా కణాలు పోతాయి. మర్నాడు ప్రతి విడత నుంచి ఒక స్ట్రా తీసి 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు కరిగించి చూస్తారు. సగం కణాలైనా ముందుకు ఈదాలి. అంటే 2 కోట్లలో కోటి. నలభై అయిదు శాతం వస్తే, నిన్నటి 360 స్ట్రాలూ చెత్తలోకే. తెల్లవారుజాము నుంచి అంతమంది పడ్డ శ్రమను ఒక్క సంతకంతో పారేయించే అధికారం ల్యాబు డాక్టరుది, దాన్ని మొహమాటం లేకుండా వాడే ల్యాబే మంచి ల్యాబు. నెగ్గిన విడతలు కూడా వెంటనే బయటికి పోవు. తీసిన నాటికి పశువు ఒంట్లో దాగి ఉన్న జబ్బేదైనా ఈలోపు బయటపడాలని నెల రోజులు విడి పాత్రలో ఉంచుతారు.

ఇక ప్రయాణం. పెద్ద పాత్రల నుంచి జిల్లాకు 35, 55 లీటర్ల కంటెయినర్లు, అక్కడి నుంచి పల్లెల్లో పశువులకు కృత్రిమ గర్భధారణ సూది వేసే గోపాలమిత్ర బండి మీదికి మూడు లీటర్ల చిన్న జార్. ఇవి అల్యూమినియంతో చేసిన రెండు పొరల పాత్రలు, నడుమ శూన్యం. నాసిక్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్ల ఫ్యాక్టరీలో తయారవుతాయి. ఎంత మంచి పాత్ర అయినా నత్రజని ఆవిరవుతూనే ఉంటుంది. మూడు లీటర్ల జార్‌ను ముట్టకుండా ఉంచినా మూడు వారాల్లో అడుగు కనిపిస్తుంది, రోజూ మూత తీస్తుంటే ఇంకా ముందే. అందుకే నత్రజని వ్యాను వచ్చే రోజు క్యాలెండరులో పండగ రోజులా గుర్తుంటుంది. స్ట్రాల గ్లాసును జార్ మెడ పైకి ఎత్తి పది సెకన్లు వెతికితే, కావలసిన స్ట్రా దొరుకుతుంది గానీ మిగిలినవి దెబ్బతింటాయి. తిరిగి ముంచితే మళ్లీ గడ్డకడతాయి, లోపలి కణాలు మాత్రం లేవవు. పైకి తేడా ఏమీ కనిపించదు. నన్నడిగితే ఇన్ని మెట్లలోనూ ఎక్కువ నష్టం జరిగేది ఈ జార్ మెడ దగ్గరే. కేంద్రంలో డిగ్రీలు లెక్కపెట్టి కాపాడినదాన్ని ఇక్కడ ఎవరూ చూడని పది సెకన్లు తినేస్తాయి.

మామూలు స్ట్రా ధర జాతిని, కేంద్రాన్ని బట్టి మారినా రెండంకెల రూపాయల్లోనే ఉంటుంది. ఆడదూడలే పుట్టేలా వేరు చేసిన స్ట్రా వందల్లో ఉంటుంది. ఎక్స్ క్రోమోజోము ఉన్న కణంలో వై ఉన్నదానికన్నా డీఎన్‌ఏ నాలుగు శాతం దాకా ఎక్కువ. ఆ చిన్న తేడాను లేజరు వెలుగులో పట్టుకుని, కణాలను ఒక్కొక్కటిగా విడదీసే యంత్రం చాలా ఖరీదైనది. పైగా ఆ స్ట్రాలో కణాలు మామూలు దానిలో పదో వంతు దాకా తగ్గుతాయి. తొంభై శాతం ఆడదూడలు వస్తాయి గానీ కరిగించడంలో, వేళ చూడటంలో పొరపాటుకు చోటుండదు. రైతుకు అసలు ఖర్చు స్ట్రాలో లేదు. ఒక ఎద తప్పితే 21 రోజులు. ఎనిమిది లీటర్ల గేదె, లీటరు 60 రూపాయలు అనుకుంటే పదివేల రూపాయల పాలు వెనక్కి జరిగినట్టు.

కాబట్టి చివరి మెట్టు దగ్గర వేళే ముఖ్యం. ఫోను మోగుతుంది. "తమ్ముడూ, గేదె తెల్లారగట్ల నుంచి అరుస్తోంది, తీగలు వేస్తోంది, రాగలవా?" పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయాలన్నది గోపాలమిత్రల లెక్క. గేదె ఎద చాలావరకు మూగ ఎద, అది కూడా రాత్రిపూట. ఆవులా మీద ఎక్కదు, గోల చేయదు. పాలు కాస్త తగ్గడం, మాటిమాటికి కొద్దికొద్దిగా మూత్రం పోయడం, మానం ఉబ్బి తీగలు జారడం కనిపెట్టాల్సింది ఇంట్లో ఆడవాళ్లే. గోపాలమిత్ర వచ్చి ముందు తీగ చూస్తాడు. గాజులా తేటగా ఉంటే సరే. చీము చార కనిపిస్తే సూది వేయడు, వైద్యం చెబుతాడు.

పొడవాటి పటకారుతో స్ట్రాను తీసి ఒక్కసారి విదిలించి, థర్మాస్‌లోని 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ముంచుతాడు. బయటికి తీసి పొడిగా తుడుస్తాడు. నీటిచుక్క ఒక్కటి తగిలినా కణాలు చస్తాయి. దూదికొసను కృత్రిమ గర్భధారణకు వాడే ఏ.ఐ. గన్‌లోకి దించి, అతికించిన కొసను అడ్డంగా, తిన్నగా కత్తిరించి, ప్లాస్టిక్ తొడుగు తొడుగుతాడు. చలికాలమైతే గన్‌ను చొక్కా లోపల పెట్టుకుని పశువు దగ్గరికి నడుస్తాడు. గ్లవుజు వేసిన ఎడమచేయి పురీషనాళంలోకి వెళ్లి, పేగు గోడ మీదుగా గర్భాశయ కంఠాన్ని పట్టుకుంటుంది. కంఠంలో గట్టి వలయాలు మడతలు మడతలుగా ఉంటాయి. కుడిచేతి గన్ మొదట పైవాలులో, తరువాత తిన్నగా పోతుంది. గన్‌ను తోయడు, ఎడమచేత్తో కంఠాన్నే మడతలు ఒక్కొక్కటీ దాటేలా గన్ మీదికి తొడుగుతాడు. చివరి వలయం దాటగానే చేతికి ఖాళీ తగులుతుంది. అక్కడ ఆపి, అయిదు లెక్కపెడుతూ మెల్లగా నొక్కుతాడు. కాస్త ముందుకు పోతే ఒక కొమ్ములోకే చేరుతుంది, వెనక పడితే కంఠంలోనే ఉండిపోతుంది. కంటికి కనపడని చోట వేళ్లతో చేసే ఈ పనిని రోజూ చేసేవాడు ఒక్క నిమిషంలో ముగిస్తాడు.

లోపల కణాలు ఇంకో ఆరు గంటలు పక్వానికి రావాలి. ఒక రోజు దాకా బతుకుతాయి. విడుదలైన అండం పది పన్నెండు గంటలే నిలుస్తుంది. కోటి కణాల్లో అండం దాకా చేరేవి వందల్లో ఉంటాయి. పల్లెల్లో సగటున మూడు సూదులకు ఒకటి నిలుస్తుంది. ఇందులో ఆంబోతు వాటా ఎంత, ఎద చూసినవారి వాటా ఎంత, చేయి వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. మైక్రోస్కోపు కింద సమానంగా ఈదిన రెండు ఆంబోతుల వీర్యం పొలంలో సమానంగా పనిచేయదు. ఈత కనిపిస్తుంది గానీ, తలలో మడిచిపెట్టిన డీఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో ఆ కంటద్దానికి కనిపించదు. మగతనాన్ని చూసి సంతానశక్తిని అంచనా వేయలేమన్నది పశువుకూ మనిషికీ ఒకటే. దూకడానికి తొందరపడే ఆంబోతుల్లో కూడా వీర్యం గడ్డకట్టడాన్ని తట్టుకోలేనివి ఉంటాయి. అలాంటివి కేంద్రం వదిలి వెళ్లిపోతాయి.

సూది వేసిన వెంటనే గోపాలమిత్ర స్ట్రాను పారేయడు. దాని మీది ఆంబోతు నంబరును, గేదె చెవిపోగు మీది 12 అంకెల నంబరును ఫోనులో నమోదు చేస్తాడు. 21వ రోజున ఎద మళ్లీ వస్తుందేమో చూడమని చెబుతాడు, మూడో నెలలో చూడి పరీక్షకు వస్తాడు. నిలిస్తే ఆవు 280 రోజులకు, ముర్రా గేదె 310 రోజులకు ఈనుతుంది. పుట్టిన పెయ్య పెరిగి, చూడి కట్టి, ఈని, పాలు కొలిచే నాటికి ఆవుల్లో నాలుగేళ్లు, గేదెల్లో అంతకు మించి గడుస్తాయి. ఆ పాల లెక్కలు నంబరు వెంట నడిచి కేంద్రానికి చేరాకే, నత్రజనిలో మిగిలి ఉన్న ఆ ఆంబోతు స్ట్రాలను ఇంకా పంచాలా, ఆపేయాలా అన్నది తేలుతుంది.